ఆ గిటారు తప్పేమీ లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

వినాయక చవితి అయిన మూడో రోజు మీ పత్రిక జిల్లా పేజీలో, కింద మూలన, ఏడెనిమిది వరుసల వార్త ఒకటి వచ్చింది. చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో పందిరి కచేరీ జరుగుతుంటే ఎలక్ట్రిక్ గిటారులోంచి కరెంటు వచ్చి, వాయిస్తున్న కుర్రాడు పడిపోయాడని, ఆస్పత్రిలో కోలుకుంటున్నాడని రాశారు. విలేకరిని తప్పు పట్టాలని నాకు లేదు. అక్కడున్న వాళ్లంతా ఆయనకు అదే చెప్పి ఉంటారు. కానీ గిటారులోంచి కరెంటు రాలేదు. ఆ గిటారు పది రోజులుగా నా బల్ల మీదే ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

నేను తిరుపతి రైల్వే క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేస్తూనే పాతికేళ్లకు పైగా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించాను. పుత్తూరు, నగరి, పీలేరు, పలమనేరు, శ్రీకాళహస్తి, ఎక్కడ ముహూర్తం ఉంటే అక్కడికి పోయేవాళ్లం. ఇప్పుడు కొర్లగుంటలో మా ఇంటి ముందు గదిలో గిటార్లు బాగుచేస్తుంటాను.

ఆ కుర్రాడి తల్లి గిటారును దుప్పటిలో చుట్టి ఆటోలో తెచ్చింది. చేత్తో తాకడానికి భయపడి దుప్పటి కొసలు పట్టుకుని కిందికి దించింది. “అన్నా, ఇది మా ఇంట్లో వద్దు. ఎవరికన్నా ఇచ్చెయ్, లేదంటే పారెయ్” అంది. రెండు వేసవులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసి కొడుకు కొనుక్కున్న గిటారు అది. పారేయనని చెప్పాను. విప్పి చూసి, తప్పు దీనిదే అయితే నేనే చెబుతానని మాటిచ్చాను.

పందిట్లో అందరూ వేలు చూపించింది గిటారు చివర ఉన్న లోహపు కడ్డీ వైపు. దాన్ని టెయిల్‌పీస్ అంటారు. దాని కింద ఒక వైరు ఉంటుందని, కరెంటు దాంట్లోంచే వచ్చిందని ఎవరో అన్నారట. దాని కింద వైరు ఉన్న మాట నిజమే. అది అక్కడ ఎందుకుందో తెలియకపోవడం వల్లే ఈ నింద వచ్చింది.

వీణ చూసిన వాళ్లకు ఈ టెయిల్‌పీస్ సంగతి సులువుగా అర్థమవుతుంది. వీణ కుండ చివర నాగపాశానికి లంగర్లు వేసి తీగలు కడతారు కదా, గిటారులో ఆ నాగపాశం చేసే పనే టెయిల్‌పీస్ చేస్తుంది. తీగ చివర చిన్న ఇత్తడి గుండు ఉంటుంది. తీగను కడ్డీ రంధ్రంలోంచి లాగితే ఆ గుండు అక్కడ అడ్డుపడి ఆగుతుంది. మామూలుగా వాడే పది, నలభై ఆరు సెట్టు తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ మందం, లావు తీగ మందం అవి) ఎక్కించి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి దాదాపు 45 కిలోల బరువుతో లాగుతుంటాయి. ఒక బియ్యం మూట కంటే కాస్త తక్కువ. అంత లాగుడును రాత్రీ పగలూ ఆపి ఉంచేవి చెక్కలో దిగిన రెండు బోల్టులు, వాటి మీద పడుకున్న ఒక కడ్డీ. ముప్పై ఏళ్లకు పైగా బోల్టులతో బతికినవాణ్ణి, నాకు గిటారులో అన్నిటికంటే గౌరవం ఉన్న భాగం ఇదే.

ఈ కడ్డీ ఇప్పుడున్న రూపానికి రావడం వెనక ఒక కథ ఉంది. 1952లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటారును తెచ్చినప్పుడు దానికి ట్రపీజ్ అనే టెయిల్‌పీస్ పెట్టింది. సర్కస్ ఉయ్యాలలాగా రెండు పొడవాటి కడ్డీలు గిటారు అడుగు అంచు నుంచి వచ్చి ఒక అడ్డ కడ్డీని పట్టుకుని ఉండేవి. మెడ వాలు చాలకపోవడంతో తీగలను ఆ అడ్డ కడ్డీ పైనుంచి కాకుండా కిందనుంచి పోనివ్వాల్సి వచ్చింది. దాంతో వాయించేవాడికి అరచేయి అంచును ఆనించే చోటు లేకుండా పోయింది. తీగల మొదట్లో అరచేతిని మెత్తగా ఆనిస్తేనే ఆ టక్ టక్‌మనే మూగ నాదం పలుకుతుంది. మా ఆర్కెస్ట్రాలో ఫాస్ట్ బీట్ పాటలకు సగం రిథమ్ ఆ చేయి పెట్టడంలోనే ఉండేది. 1953 చివరికల్లా గిబ్సన్ ఆ ఉయ్యాలను తీసేసి, గిటారు ఒంట్లోకే రెండు బోల్టులు దించి, పొట్టి కడ్డీ ఒకటి బిగించింది. తీగలు దాని మీదుగా చుట్టి వచ్చేవి. 1954లో కంపెనీ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ హయాంలో, తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జ్ శ్రుతి సవరించుకునేలా వేరేగా వచ్చాక, ఆ పొట్టి కడ్డీ వెనక్కి జరిగి టెయిల్‌పీస్‌గా స్థిరపడింది. ఈ రోజు తిరుపతిలో పిల్లలు మోసుకు తిరిగే లెస్ పాల్ నమూనా గిటార్లు ఏ దేశంలో తయారైనా చాలావాటికి అదే అమరిక.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. గిటారు వాయించేవాడి కుడి చేయి ఆ మూలన ఎప్పుడూ లోహం మీదే ఉంటుంది. ఎడమ చేయి తీగల మీద ఉంటుంది. తీగలన్నీ ఆ లోహానికే ముడిపడి ఉంటాయి. అంటే రెండు చేతులూ టెయిల్‌పీస్‌ను పట్టుకున్నట్టే.

ఇక వైరు సంగతి. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన బొబ్బిన్. అది తీగల కదలికనే కాక చుట్టుపక్కల ఉన్న కరెంటు గోలను కూడా పట్టుకుంటుంది. మన లైన్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కదా, ట్యూబ్ లైట్లు, డిమ్మర్లు, సీరియల్ సెట్ల నుంచి వచ్చే ఆ గుయ్‌మనే శబ్దమంతా స్పీకర్లో వినిపిస్తుంది. గిటారును ఒడిలో పెట్టుకున్న మనిషి ఒళ్లు కూడా యాంటెన్నాలా ఆ గోలను గిటారు దగ్గరికి చేరుస్తుంది. తీగలను ఎర్త్‌కు కలిపితే, వాటిని తాకగానే మనిషి ఒళ్లు కూడా ఎర్త్‌కు కలిసి ఆ గోల తగ్గుతుంది. అందుకే టెయిల్‌పీస్ బోల్టు దిగే రంధ్రంలోకి కంట్రోళ్లున్న గది నుంచి సన్నటి సొరంగం తొలిచి, ఒక వైరు పంపి, దాని కొసను బోల్టును పట్టుకునే లోహపు గొట్టానికీ (బుష్ అంటాం) చెక్కకూ మధ్య నొక్కి పెడతారు. స్ట్రాటోకాస్టర్ రకంలో వీపు వైపు స్ప్రింగులను పట్టుకునే పంజాకు ఆ వైరును సోల్డరింగ్ చేస్తారు. టెలీకాస్టర్‌లో బ్రిడ్జ్ రేకు కింద పెడతారు. ఎక్కడ పెట్టినా పని ఒకటే.

ఆ వైరు వెంట నడిచి చూద్దాం. టెయిల్‌పీస్ నుంచి కంట్రోళ్ల గదికి, అక్కణ్ణుంచి కేబుల్ గుచ్చే జాక్‌కు, జాక్ నుంచి కేబుల్ పై అల్లికకు, ఆ అల్లిక నుంచి గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె, అదే ఆంప్, లోపలి లోహపు చట్రానికి, ఆ చట్రం నుంచి త్రీ పిన్ ప్లగ్గులో పైనుండే పెద్ద పిన్నుకు, ఆ పిన్ను నుంచి గోడలోని ఎర్త్ వైరుకు, చివరికి భూమిలోకి. ఈ దారి సొంతంగా కరెంటు పుట్టించదు. దారి చివర భూమి ఉన్నంతకాలం తీగలు పట్టుకున్నవాడికి ఏమీ కాదు. దారి మధ్యలో తెగి, ఆంప్‌లో ఫేజు వైరు చట్రానికి తగిలిందంటే మాత్రం అదే కరెంటు తీగల మీదికి ఎక్కి కూర్చుంటుంది.

చంద్రగిరి దగ్గర జరిగింది అదే.

గిటారు విప్పి మీటరు పెట్టాను. తీగకూ జాక్ అంచుకూ మధ్య 0.3 ఓమ్‌లు చూపించింది. అంటే ఆ సన్నటి వైరు చక్కగా ఉంది, అతుకులు చక్కగా ఉన్నాయి. నేను బాగుచేసే గిటార్లలో చాలావాటికి ఈ వైరే వదులై ఉంటుంది. చెమట పట్టి బుష్ తుప్పెక్కుతుంది. లేదా ఎవరో టెయిల్‌పీస్ మార్చబోయి 8 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉన్న చోట 5/16 అంగుళాల అమెరికన్ మర బోల్టు తెచ్చి బలవంతంగా తిప్పి ఉంటారు. చూపుకు రెండూ ఒకటే మందం. మర మాత్రం వేరు. అమెరికన్ బోల్టుకు అంగుళానికి 24 చుట్లు, మెట్రిక్‌కు ఇరవైకి కాస్త ఎక్కువ. రెండు తిప్పులకే బిగుసుకుంటుంది, ఇంకా తిప్పితే మర పాడై కడ్డీ ఊగడం మొదలుపెడుతుంది. గిటారు ఉన్నవాళ్లు దయచేసి పాత బోల్టును చేతిలో పట్టుకెళ్లి మర సరిచూసుకున్నాకే కొత్తది కొనండి. ఈ కుర్రాడి గిటారులో అలాంటి తప్పేదీ లేదు.

మరుసటి రోజు ఆ పల్లెకు వెళ్లాను. పందిరి ఇంకా విప్పలేదు. ఆంప్‌కు కరెంటు ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు వెదురు గడకు కట్టే ఉంది. విప్పి చూస్తే సాకెట్లన్నీ త్రీ పిన్‌వే, కానీ బోర్డుకు వచ్చిన వైరులో ఉన్నవి రెండే తీగలు. ఎర్త్ పిన్ దూరే రంధ్రం వెనక స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది, దానికి ఎప్పుడూ వైరు తగిలించలేదన్నమాట. మైక్‌సెట్టు యజమాని పేరు ఇక్కడ రాయను. అడగగానే ఆంప్ తెచ్చి ముందు పెట్టాడు, విప్పుతుంటే పక్కనే కూర్చున్నాడు. వెనక రేకులో పవర్ కేబుల్ లోపలికి పోయే రంధ్రం దగ్గర రబ్బరు బుష్ ఊడిపోయి ఉంది. రేకు అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని ఫేజు వైరు తొడుగు తెగి, రాగి బయటపడి చట్రానికి ఆనుకుంది. బోర్డులో ఎర్త్ ఉండి ఉంటే, స్విచ్ వేసిన క్షణమే ఫ్యూజు పోయేది లేదా ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను తెంచే స్విచ్చు) పడిపోయేది. ఎర్త్ లేదు కాబట్టి ఏమీ కాలేదు. ఆంప్ బాగానే పాడింది. గిటారు తీగల మీద 230 వోల్టులు వచ్చి నిలబడ్డాయి.

కుర్రాడు ప్లైవుడ్ స్టేజీ మీద, పొడి తివాచీ మీద నిలబడ్డాడు. అందుకని మొదట వేళ్లలో చీమలు పాకినట్టు అనిపించిందంతే. ఆ మాట పక్కవాళ్లతో చెప్పాడట కూడా. స్టేజీ టెన్షన్ అనుకున్నారు. మైకు వైరు కలిపిన సౌండ్ మిక్సరుకు గుడి గోడలోని సాకెట్ నుంచి వేరే కరెంటు ఇచ్చారు, అక్కడ ఎర్త్ సరిగ్గా ఉంది. పల్లవి పాడదామని పెదవులు మైకుకు ఆనించాడు. ఒక పక్క చేతుల్లో తీగలు, ఇంకో పక్క పెదవుల దగ్గర ఎర్త్ అయిన మైకు. మధ్యలో ఉన్నది వాడి గుండె. చేతులు గిటారు మెడను వదల్లేదు. డోలక్ వాయించే పెద్దాయన ఎండు కర్రతో మైకు స్టాండును కొట్టి పడేశాడు. ఆయనకు నేను చేతులెత్తి మొక్కుతున్నాను. ఎడమ చేతి వేళ్ల మీద తీగలు కాలిన గీతలు ఇంకా ఉన్నాయి.

గిటారు వాయించేవాళ్ల లోకంలో ఇది కొత్త ప్రమాదం కాదు. రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ 1965లో కాలిఫోర్నియాలోని సాక్రమెంటోలో వాయిస్తుండగా గిటారు మైకు స్టాండుకు తగిలి స్పృహ తప్పి పడిపోయాడు. కాళ్లకున్న రబ్బరు అడుగుల బూట్లు కాపాడాయని చెప్తారు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని మైకును తాకి స్టేజీ మీదే చనిపోయాడు. ఆ రబ్బరు బూట్ల సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మన పిల్లలే కళ్ల ముందు మెదులుతారు. గుడి ముందు పందిరి అంటే చెప్పులు విప్పి ఎక్కుతాం. అది మన భక్తి, దాన్ని మానమని నేనెప్పుడూ అనను. మన గంగమ్మ జాతరలో, చవితి పందిళ్లలో స్టేజీ లేకపోతే కల్లాపి చల్లిన తడి నేల మీదే ఉత్త కాళ్లతో నిలబడి వాయిస్తాం. ఈ కుర్రాడు తివాచీ మీద కాక ఆ తడి నేల మీద ఉండి ఉంటే తీగ ముట్టుకున్న క్షణంలోనే అయిపోయేది. పాదాల కింద ఒక పొడి చెక్క పీటో, మందపాటి రబ్బరు చాపో వేసుకుంటే అమ్మవారికి అపచారం కాదు.

ఈ వార్త వచ్చాక నా దగ్గరికి నలుగురు పిల్లలు గిటార్లు తెచ్చి టెయిల్‌పీస్ వైరు కత్తిరించెయ్యమని అడిగారు. కత్తిరించలేదు. అది తెంపినంత మాత్రాన జాక్ ప్లేటు, పికప్ మీది లోహపు మూతలు, జాక్‌లో గుచ్చే కేబుల్ పిన్ను ఎక్కడికీ పోవు, అవన్నీ అదే దారిలో ఉంటాయి. పైగా గుయ్‌మనే గోల పెరిగి మైక్‌సెట్టు వాళ్లు విసుక్కుంటారు, మళ్లీ ఎవరో ఒకరు దాన్ని అతికిస్తారు. భయం మరీ ఎక్కువగా ఉన్నవాళ్లు గిటారుకు వైర్‌లెస్ సెట్టు కొనుక్కోండి. కేబుల్ లేకపోతే ఆంప్‌కూ ఒంటికీ సంబంధమే ఉండదు. కొనలేని వాళ్ల కోసమే ఈ కింద రాసేది.

మైక్‌సెట్టు వాళ్లకు నా మొదటి విన్నపం. ఎక్స్‌టెన్షన్ బోర్డులకు మూడు తీగల వైరే వాడండి. రెండు తీగల వైరు మీద మిగిలే డబ్బు ఒక కచేరీ టిఫిన్ ఖర్చుకు కూడా రాదు. గిటారు ఆంప్‌కూ మిక్సరుకూ ఒకే చోట నుంచి కరెంటు ఇవ్వండి. ప్రతి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టండి. ఎంసీబీ ఉంది కదా అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. మనిషి గుండెను ఆపడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ అయితే వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో చూస్తూ కూర్చుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటిందంటే 0.3 సెకను లోపలే లైను తెంచేస్తుంది. ఆ రాత్రి ఆ పందిట్లో అది ఉండి ఉంటే కుర్రాడు ఉలిక్కిపడి మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసేవాడు, అంతే.

దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది. పందిళ్లకు తాత్కాలిక కనెక్షన్ ఇచ్చేటప్పుడు స్టేజీ దాకా ఎర్త్ వచ్చిందో లేదో, ఆర్‌సీసీబీ ఉందో లేదో లైన్‌మన్ ఒక్కసారి మీటరుతో చూసి సంతకం పెట్టే పద్ధతి తెస్తే మేలు. కల్యాణ మండపాల వాళ్లూ స్టేజీ సాకెట్లను ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. జనరేటర్ మీద నడిచే కచేరీల్లోనూ ఎర్త్ కడ్డీ భూమిలోకి దిగిందో లేదో ఎవరో ఒకరు వంగి చూడాలి.

వాయించే పిల్లలకు నేను చెప్పేది ఇంకా చిన్న పని. మూడు నాలుగు వందల రూపాయలకు మల్టీమీటర్ దొరుకుతుంది. అందరూ కలిసి ఒకటి కొనుక్కోండి. సౌండ్ చెకింగ్ అప్పుడు దాన్ని ఏసీ వోల్టుల మీద, పెద్ద రేంజిలో పెట్టండి. ఒక ముల్లు టెయిల్‌పీస్‌కు, ఇంకోటి మైకు జాలీకి ఆనించండి. ముళ్లను ప్లాస్టిక్ పిడి దగ్గరే పట్టుకోండి, లోహం చేతికి తగలనివ్వకండి. ఒకటి రెండు వోల్టుల లోపు చూపిస్తే పాడండి. పదులు, వందలు చూపిస్తే గిటారు కింద పెట్టి, మొత్తం ఆపించి, బోర్డు విప్పించండి. ఆలస్యమవుతోందని ఆర్గనైజర్లు అరుస్తారు, అరవనివ్వండి. వేళ్లలో చీమలు పాకినట్టు అనిపిస్తే అది టెన్షన్ కాదు, కరెంటు. ఆ మాట చెప్పిన పిల్లవాణ్ణి పెద్దవాళ్లు నమ్మండి.

మైక్‌సెట్టు యజమాని ఆ ఆంప్‌కు కొత్త కేబుల్, రబ్బరు బుష్ వేయించుకుని, నా ముందే మూడు బోర్డులకు మూడు తీగల వైరు మార్పించుకుని వెళ్లాడు. గిటారుకు కొత్త తీగలు ఎక్కించి, టెయిల్‌పీస్ తుడిచి, శ్రుతి చేసి పెట్టాను. కుర్రాడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు, వేళ్లు మానగానే వస్తానని ఫోన్ చేశాడు. తల్లి మాత్రం ఒప్పుకోలేదు. ఆమెకు నేను ఎంత చెప్పినా, పేపర్లో గిటారని వేశారు కదన్నా అంటోంది. అందుకే అడుగుతున్నాను సార్, ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే, మొన్న వార్త వేసిన ఆ మూలలోనే రెండు వరుసలు వేయండి చాలు. తప్పు ఎర్త్ లేని బోర్డుదని, తొడుగు తెగిన వైరుదని, గిటారుది కాదని. వాళ్లింటికి వచ్చేది మీ పత్రికే.

ఇట్లు,
గిటార్లు బాగుచేసే ఒక రిటైర్డ్ ఫిట్టర్,
కొర్లగుంట, తిరుపతి.